నేను మింగిన ఎర్ర మాత్ర

ఎనిమిదేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు. మొదట్లో తెలుగులో రాసి, మా హైస్కూలు హిందీ అయ్యవారి చేత హిందీలోకి మార్పించి పంపేవాణ్ణి. మా ఊరు యాడికిలో సొంతంగా జిరాక్స్ అంగడి పెట్టుకున్నాక టైపు చేసి పంపాను. శిక్షణ కేంద్రానికి, రికార్డుల ఆఫీసుకు, ఢిల్లీకి, అందరికీ పంపాను. సమాచార హక్కు చట్టం వచ్చాక దాని కింద కూడా అడిగాను. సంబంధిత విభాగానికి పంపడమైనది అని ఒకే ఒక్క కాగితం వచ్చింది. ఆ విభాగం ఏదో, ఎక్కడుందో ఆ కాగితంలో లేదు. దాన్ని నేను జవాబు అనను.

అనంతపురంలో ఒక ఆఫీసుకైతే నేనే పోయి అర్జీ చేతికిచ్చాను. నాలుగోసారి పోయినప్పుడు అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఏమప్పా, మళ్లా వచ్చినావా. చెవుడొచ్చింది వానికి. వాడు ఊరికే ఇంటికాడ ఉండాడు. నువ్వేంటికి చెప్పులు అరగదీసుకుంటాండావు? నీకేమవుతాడు వాడు?"

ఆ రోజు ఆయన గళ్ల చొక్కా వేసుకున్నాడు. జేబు దగ్గర సిరా మరక ఉంది. నాకు జరిగిన అవమానాలు నాకు అలాగే గుర్తుంటాయి, రంగులతో సహా. మా ఊళ్లో నన్ను కంప్లైంట్ల మనిషి అంటారు. స్టాపులో బస్సు ఆపలేదని డిపోకు రాశాను, కరెంటు తీగ వేలాడుతోందని ఏడు అర్జీలు పెట్టాను, అవి నిజమే కాబట్టి రాశాను. ఎవరేమన్నా నాకు పట్టింపు లేదు. కానీ ఆ గుమాస్తా అడిగిన చివరి ప్రశ్నకు మాత్రం ఏమీ చెప్పలేక బయటికి వచ్చేశాను.

నేను ఎవరి కోసం ఉత్తరాలు రాస్తున్నానో అతను శింగనమల మండలంలో ఒక పల్లెవాడు. నాతోపాటే సైన్యంలో చేరాడు. శిక్షణ మధ్యలో అతనికి మెనింజైటిస్ వచ్చింది. మెదడు చుట్టూ ఉండే పొరకు పట్టే జబ్బు అది. ప్రాణం దక్కింది, రెండు చెవులూ పోయాయి. ఇంటికి పంపేటప్పుడు మెడికల్ బోర్డు వాళ్లు ఇచ్చిన కాగితంలో రెండు మాటలు రాశారు. ఈ జబ్బుకూ సైనిక సేవకూ సంబంధం లేదు అన్నది ఒకటి, అలా రాస్తే పింఛను రాదు. నివారణ మందు సకాలంలో ఇవ్వడమైనది, రోగి తీసుకున్నాడు అన్నది రెండోది. ఆ రెండూ తప్పని ఒప్పుకోమని నేను అడుగుతున్నాను. మొదటి మాట తప్పని ఎక్కడైనా నిలబడి చెప్పగలను. రెండో మాట ఆ కాగితంలోకి ఎలా వచ్చిందో నాకు తెలుసు. నా ఉత్తరాల్లో ఎక్కడా అది రాయలేదు. ఎవరూ నన్ను అడగనూ లేదు.

కార్గిల్ యుద్ధం అయిన మరుసటి ఏడు అనంతపురంలో సైన్యంలోకి మనుషులను తీసుకుంటున్నారని తెలిసి పోయాను. ఆ ఏడు మాకు వాన లేదు. వేసిన వేరుశెనగ విత్తనం వేసినట్టే మాడిపోయింది. మైదానం నిండా మాలాంటివాళ్లే. చాలామంది చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో పరుగెత్తారు. మూడో చుట్టులో నా పక్కగా ఒకడు వచ్చి, పరుగెత్తుతూనే మాట్లాడాడు.

"ఏమప్పా, నెత్తిన బండలు పెట్టుకోని పరిగెత్తుతాండావా? ఊపిరి బిగబట్టొద్దు. ఇడువు, ఇడువు."

వెనకున్నవాళ్లు నవ్వారు. అతని మొహం గుర్తుపెట్టుకున్నాను, పరుగు అయ్యాక నాలుగు తగిలించాలని. పరుగు అయ్యాక అతనే వచ్చి తన నీళ్ల సీసా నా చేతికిచ్చాడు. నేను తాగాను. అలా పరిచయమయ్యాడు, తర్వాత చెవులు పోయినవాడు ఇతనే.

తర్వాత డాక్టరు పరీక్షలు. ఛాతీ కొలిచారు, కళ్లు చూశారు, పళ్లు లెక్కపెట్టారు. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని అడిగారు. లేదన్నాను. మా నాయన తాడిపత్రి దారిలో ఒక బండల ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేవాడు. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, దానిమీద క్షయ పట్టింది. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన ఎర్ర గొట్టం మాత్రలు పొద్దున్నే మింగేవాడు. అవి మింగినవాళ్లకు మూత్రం ఎర్రగా వస్తుంది. మొదటిరోజు మా అమ్మ అది రక్తమనుకుని ఏడ్చింది. తర్వాత అలవాటైపోయింది. ఆ మాత్ర రంగు నాకు చీకట్లో చూపించినా తెలుస్తుంది.

మమ్మల్ని రైలెక్కించి చాలా దూరం తీసుకుపోయారు. ఆ ఊరి పేరు రాయను. మా బ్యారక్‌లో మన జిల్లావాళ్లం ముగ్గురం. అక్కడ మమ్మల్ని మిగతావాళ్లు మద్రాసీ అనేవాళ్లు, మాలో మేము ఊళ్ల పేర్లతో పిలుచుకునేవాళ్లం. నేను యాడికి, అతను శింగనమల, మూడోవాడు రాప్తాడు. రాప్తాడు లారీల మీద తిరిగినవాడు, హిందీ వచ్చినవాడు, దేనికీ కంగారుపడేవాడు కాదు.

అక్కడి చలి మేము ఎన్నడూ చూడనిది. మన దగ్గర డిసెంబరులో కూడా ఆరుబయట పడుకునేవాళ్లం మేము. అక్కడ బ్యారక్‌లో కిటికీలన్నీ మూసి, సందుల్లో పాత పేపర్లు కుక్కేవాళ్లు. మంచానికీ మంచానికీ మధ్య జానెడు జాగా. పక్కవాడు దగ్గితే ఆ తుంపర మన మొహాన పడేది. టీ మగ్గు ఒకటి నలుగురి చేతులు మారేది. మన ఊళ్లో చెంబు ఎత్తి తాగుతాం, పెదవి తగలనివ్వం. అక్కడ మొదటివారం అలా ఎత్తి తాగబోతే మీద పోసుకున్నాను, అందరూ నవ్వారు. తర్వాత మేమూ అందరిలాగే మగ్గు నోట పెట్టుకుని తాగడం మొదలుపెట్టాం. ఇవన్నీ నా ఉత్తరాల్లో ఉన్నాయి. జబ్బు అక్కడే పుట్టింది, అక్కడే పాకింది. సంబంధం లేదని ఎలా రాస్తారు?

మూలమంచం వాడు కొండ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఒకరోజు డ్రిల్లులో తల పట్టుకుని కూర్చున్నాడు. మాకు డ్రిల్లు నేర్పే హవల్దారును మేము ఉస్తాద్ అనాలి. ఉస్తాద్ వాణ్ణి బద్ధకస్తుడని తిట్టి లేపాడు. సాయంత్రానికి వాడికి మెడ తిరగలేదు, వెలుతురు చూడలేకపోయాడు. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. తెల్లారి వాడి పరుపు చుట్టేసి ఉంది, పెట్టె లేదు. వాడు చనిపోయాడని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

ఆ పొద్దునే మమ్మల్ని మైదానంలో వరసగా నిలబెట్టారు. ఆస్పత్రి గది హవల్దారు ఒక డబ్బా పట్టుకుని వరస వెంబడి వస్తూ మనిషికి రెండు మాత్రలు చేతిలో పెట్టాడు. నా చేతిలో పడినవి చూశాను. ఎర్ర గొట్టాలు. మా నాయన మింగేవి.

నేను చెప్పిన అబద్ధం వాళ్లకు తెలిసిపోయిందనుకున్నాను. అది తిక్క ఆలోచనే, మాత్రలు అందరికీ ఇస్తున్నారు. కానీ భయపడ్డవాడికి లెక్కలు రావు. చెయ్యెత్తి, నాకొచ్చిన హిందీలో, ఈ మందు దేనికి సార్ అని అడిగాను.

ఆ హవల్దారు ఆగి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఈ మద్రాసీ డాక్టర్ సాబ్‌కు కారణం చెప్పాలంట" అని హిందీలో అందరికీ వినిపించేలా అన్నాడు. వరసంతా నవ్వింది. మాత్రలు మింగించి, నోరు తెరిపించి చూసి, కంకర మీద మైదానం అటు చివరిదాకా నన్ను పల్టీలు కొట్టించాడు. మోచేతులు చెక్కుకుపోయాయి.

నేను అడిగింది ఒక్క ప్రశ్న. మూలమంచం వాడికి జబ్బు చేసింది, మీకు రాకుండా ఇస్తున్నాం అని ఆయన చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాటకు ఎంతసేపు పడుతుంది? ఈ సంగతి ప్రతి ఉత్తరంలోనూ రాశాను. ఇప్పటికీ అదే అంటాను. ఆయన తప్పు ఆయనది. కానీ ఆయన తప్పు దగ్గర ఉత్తరం ఆపేయడం నాకు బాగా అలవాటైంది. తర్వాత జరిగింది రాయలేదు.

మధ్యాహ్నం పాయిఖానా దగ్గర రాప్తాడు గట్టిగా పిలిచాడు.

"రేయ్, ఈడికి రాండి. నాకు రక్తం పోతాండాది."

"నాకూ అట్లే ఉండాది" అన్నాడు శింగనమల. అతని మొహం పాలిపోయింది.

"రక్తం కాదు. అది టీబీ మాత్ర" అన్నాను నేను. "మా ఊర్లో ఒకాయన మింగుతాండె. ఆయనకూ ఇట్లే ఎర్రగా వస్తాండె."

ఆ ఒకాయన మా నాయన అని చెప్పలేదు.

"మనకెట్ల వస్తాది టీబీ?" అన్నాడు శింగనమల.

"వచ్చిందో లేదో సూసేదానికే ఇస్తాండారు. ఎర్రగా పోసేటోళ్లను రాసుకుంటారు. రాసుకుంటే ఇంగ ఇంటికే."

రాప్తాడు లాగు సర్దుకుంటూ నా వైపు చూశాడు. "అందురికీ ఎర్రగానే వస్తాండాది కదప్పా. అందుర్నీ ఇంటికి పంపిస్తే ఉస్తాద్ ఎవుర్ని తిట్టుకోని బతకల్ల?"

మాట నెగ్గనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. "ఇంటే ఇనండి, లేకుంటే మీ ఇష్టం. నేనైతే దవడకు పెట్టుకోని బయటికొచ్చి ఉమ్మేస్తా. వాడు నోరు పెద్దగా సూడడు, నాలిక కింద సూసి పోతాడు."

"నువ్వు పీజు లేని డాక్టరువి" అని రాప్తాడు నవ్వాడు. "నేను మింగుతా. పంపిస్తే పోతా, మా నాయనతో తన్నులు తింటా. నాకు అలవాటే."

శింగనమల నా భుజం మీద చెయ్యి వేశాడు. "యాడికి చెప్తాండాడంటే తెలిసే చెప్తాడు. అందురూ తలూపినప్పుడు చెయ్యెత్తి అడిగినోడు వీడొకడే."

నా మొండితనాన్ని ఎవరైనా మెచ్చుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. మా అమ్మ కూడా దాన్ని రోగమనే అనేది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకోవాలంటే సిగ్గుగా ఉంది.

సాయంత్రం మాత్రలు ఇచ్చినప్పుడు ఇద్దరం దవడకు పెట్టుకుని, వంటశాల వెనక బూడిదకుప్పలో ఉమ్మి, కాలితో బూడిద కప్పాం.

మరుసటి ఉదయం నాకు వంటశాల పని పడింది. ఉల్లిగడ్డలు కోస్తున్నాను. వంటమనిషి అక్కడ ఎన్నో ఏళ్లుగా ఉన్న పెద్దాయన. పక్క బ్యారక్‌లో ఇంకొకణ్ణి తీసుకుపోయారని ఆయనే చెప్పాడు. అది మెడ విరిచే జ్వరమనీ, చాలా ఏళ్ల కిందట కూడా ఇలాగే చలికాలంలో వచ్చిందనీ చెప్పాడు.

"అప్పుడూ ఈ ఎర్ర మాత్రలే ఇచ్చారు బేటా. మింగినవాళ్లు బతికిపోయారు. నువ్వు మింగావు కదా?"

మింగాను చాచా అన్నాను.

అప్పటికి ఇంకా రెండుసార్లు మాత్రలు ఇవ్వాల్సి ఉంది, ఆ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గంటలో మైదానంలో నిలబడ్డాం. శింగనమల నాకు ఇద్దరు మనుషుల అవతల ఉన్నాడు. మాత్రలు చేతిలో పడ్డాయి. నేను మింగాను. నోరు తెరిచి చూపించాను. వరస విడిపోయాక బూడిదకుప్ప వైపు అతను నా కంటే ముందు పోయి వచ్చాడు.

"ఉమ్మినావా?" అన్నాడు.

రాప్తాడు పక్కనే కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నాడు. తల ఎత్తి నా మొహం చూశాడు, ఏదో నవ్వు ఉంది వాడి మొహంలో.

"ఉమ్మినా" అన్నాను.

రాప్తాడు అక్కడ లేకపోయి ఉంటే నిజం చెప్పేవాణ్ణని చాలా ఏళ్లు అనుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆ రోజు పొద్దునుంచి సాయంత్రం దాకా రాప్తాడు పక్కన లేని సమయం ఎంతో ఉంది. అన్నం దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. తుపాకులు తుడిచేటప్పుడు ఒకే గుడ్డ ఇద్దరం వాడుకున్నాం. నేను చెప్పింది తప్పప్పా, మింగు అనాలి. అంతే. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. నిన్న నన్ను మెచ్చుకున్నవాడి ముందు ఈరోజు తలవంచడం ఇంకా చేతకాలేదు. సాయంత్రం కూడా అతను ఉమ్మాడు, నేను మింగాను.

ఆ రోజు పాయిఖానా దగ్గర అతను నన్ను పిలిచాడు. "సూడప్పా, నీళ్ల మాదిరి వస్తాండాది. బతికిపోతిమి" అని నవ్వాడు. నేను నాకు వస్తోందని చెప్పి ఆ చివర గోడ దగ్గరికి పోయి, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాను. నాది ఎర్రగా వచ్చింది. పైనుంచి మట్టి తోసి కప్పాను. పిల్లి కప్పెట్టినట్టు.

నాలుగు రోజులకు, పరుగు మధ్యలో, శింగనమల దారి పక్కన కూర్చుండిపోయాడు. తల పగిలిపోతాండాది అన్నాడు. ఆస్పత్రి గదికి పోదామంటే వద్దన్నాడు. జబ్బు అని చెప్పుకునేవాణ్ణి ఉస్తాద్ ఏం చేస్తాడో తెలుసు కదా అన్నాడు. చుట్టేసి ఉన్న ఆ పరుపు నా కళ్లముందు కదిలింది. ఒకపక్క నేను, ఒకపక్క రాప్తాడు పట్టుకుని, ఉస్తాద్ అరుస్తున్నా వినకుండా మోసుకుపోయాం. ఇది మాత్రం నా ఉత్తరాలన్నింట్లో ఉంది. నేనే మోసుకుపోయానని ప్రతిసారీ రాశాను. రాప్తాడు సంగతి ఒక్కోసారి రాయలేదు.

అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరు ఉన్నాడు, మాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడేమో. శింగనమల మెడ కింద చెయ్యి పెట్టి లేపబోతే మెడ వంగలేదు. అప్పటికే అతనికి తెలివి సగం లేదు. డాక్టరు మా వైపు తిరిగాడు.

"నివారణ మాత్రలు నాలుగుసార్లూ మింగాడా ఇతను?"

మింగలేదని చెప్పాలి. చెబితే ఎందుకు మింగలేదంటారు. ఎవరు చెప్పారంటారు.

"మింగాడు సాబ్" అన్నాను. "నా ముందే మింగాడు."

డాక్టరు రాసుకున్నాడు. ఆ రాసుకున్న మాటే తర్వాత బోర్డు కాగితంలోకి ఎక్కింది. నేను ఎనిమిదేళ్లుగా కొట్టేయమని అడుగుతున్న రెండో మాట నా నోట్లోంచి వచ్చిందే.

బయటికి వచ్చాక రాప్తాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడికి అంతా తెలుసు, శింగనమల ఉమ్మేవాడని తెలుసు. నేను మింగానని కూడా వాడు కనిపెట్టే ఉంటాడు.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు.

మళ్లీ లోపలికి పోయి నిజం చెబుతాడేమోనని చూశాను. వాడు తలుపు వైపు నాలుగడుగులు వేసి ఆగి, తిరిగి వచ్చేశాడు. తర్వాత నేను అక్కడ ఉన్నన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. నాకు జరిగిన అవమానాల్లో వాడన్న ఆ మాటను కూడా చాలా ఏళ్లు లెక్కేసుకున్నాను.

రెండు నెలలకు నా కాలి ఎముక చిట్లింది. పరుగులకు అలా చిట్లుతుందట. నన్నూ ఇంటికి పంపించారు. మా నాయన అప్పటికి మాత్రలు పూర్తిచేసి, మనిషి కాస్త తేరుకున్నాడు. నేను సైన్యం నుంచి కుంటుతూ వచ్చాను.

శింగనమల నాకంటే తర్వాత వచ్చాడు. వచ్చాడని తెలిసి తాడిపత్రి మీదుగా బస్సులు మారి పోయాను. అతను ఇంటిముందు గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. పిలిచాను. తిరగలేదు. ముందుకు పోయి నిలబడ్డాక చూసి, గట్టిగా, ఎత్తూ పల్లమూ లేని గొంతుతో అన్నాడు.

"ఏమప్పా డాక్టరూ, కాలు ఇరగ్గొట్టుకోని వచ్చినావంట."

వాళ్ల అన్న కూతురి పలక తెచ్చి నా చేతికిచ్చాడు. చెప్పాల్సింది అందులో రాయాలి. అతను చదివి నోటితో జవాబు చెబుతాడు. ఆ రోజు పలక మీద ఏం రాయాలో నాకు తెలియలేదు. బాగున్నావా అని రాశాను. అంత దూరం పోయి.

అప్పుడే అతను ఒక మాట అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో అతనికి తెలియదు కాబట్టి, వాళ్లమ్మ లోపల ఉందో లేదో చూసుకుని, నా చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"ఇద్దరమూ ఉమ్మితిమి. నాకు పట్టె, నీకు పట్టకపాయె. ఏం చేస్తామప్పా, నా రాత. మాయమ్మకు చెప్పలేదు. నువ్వు చెప్పినావని తెలిస్తే నిన్ను తిడ్తాదని."

నేను పలక మీద రాయబోయాను. నేను అని రాశాను. తర్వాతి మాట రాయలేక, ఆ నేను పక్కనే, ఆఫీసువాళ్లకు ఉత్తరం రాస్తాను అని రాశాను. అలా మొదలయ్యాయి నా ఉత్తరాలు.

అప్పటినుంచి ఏడాదికి రెండు మూడుసార్లు పోతూ వచ్చాను. వాళ్లమ్మ నేను వస్తే సంగటి చేసి, శెనక్కాయల పచ్చడి ఊరుబిండి వేసి, పక్కన కూర్చుని తినిపించేది.

"ఇంగొక ముద్ద తిను నాయనా. చుట్టాలు ఒకరూ తిరిగి సూడలేదు. నువ్వొకనివే వీని కోసం ఊర్లు తిరుగుతాండావు. ఏ తల్లి కన్నాదో."

నేను తల వంచుకుని పెట్టిందంతా తినేవాణ్ణి. ఒకసారి ఆమె నన్ను నేరుగా అడిగింది.

"మందు మింగినా కూడా ఆ పాడు జబ్బు ఏంటికొచ్చింది నాయనా? కాగితంలో మింగినాడనే ఉండాదంట కదా. ఆ మందే మంచిది కాదేమో."

"ఏమో పెద్దమ్మా" అన్నాను.

అతను గోడవారన కూర్చుని మా పెదవులు చూస్తున్నాడు. ఆమె ఏమడిగిందో అతనికి తెలిసిందనుకుంటాను. నా వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దన్నట్టు. నన్ను కాపాడుతున్నానని అనుకున్నాడు పాపం.

నిజం ఆఫీసులకు రాస్తే మందు ఉమ్మేసినవాడు కాబట్టి తప్పంతా ఇతనిదేనంటారు, అందుకే రాయలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అందులో కొంత నిజముంది. ఈ పేజీల్లో ఎవరి పేరూ రాయకపోవడానికి కూడా అదే కారణం. కానీ అతనికి చెప్పకపోవడానికి ఆ కారణం లేదు. అతనికి చెబితే ఏ ఆఫీసూ వినదు. చేతిలో పలక ఉంది, బలపం ఉంది, అతనికి చదువు వచ్చు. చెవులు లేని మనిషి ముందు కూర్చుని ఇన్నేళ్లు నోరు లేనట్టు ఉన్నది నేను.

పోయిన ఎండాకాలం మా నాయన పోయాడు. జబ్బు తిరగబెట్టి కాదు, వయసు అయిపోయి. ఆయన పెట్టె సర్దుతుంటే ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పాత మందుల చీటీ దొరికింది, మాత్రలు మింగిన ప్రతిరోజూ ఒక గీత. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ వారమే శింగనమలకు ఉత్తరం రాశాను. రెండు పేజీలు. వంటమనిషి చెప్పింది, నేను మింగింది, గోడ దగ్గర మట్టి కప్పింది, డాక్టరుకు చెప్పింది, అంతా రాశాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. సంతకం అతనిదే. పదో తరగతి దాకా చదివినవాడు, ఆ సంతకం నాకు తెలుసు.

నెల చూశాను. రెండు నెలలు చూశాను. ఏమీ రాలేదు. బస్సెక్కి పోయాను. ఇంటిదగ్గర వాళ్లమ్మ ఉంది. ఎప్పటిలాగే మంచం వాల్చింది. ఆమె మొహంలో తేడా ఏమీ లేదు, అంటే అతను ఆమెకు చెప్పలేదు.

"గొర్రెల్ని తోలుకోని చెరువు దిక్కు పోయినాడు నాయనా. ఈ నెలలో నువ్వొస్తావేమోనని చెప్పినాను కూడా. ఈ మధ్య వాడు ఎవురితోనూ మాట్లాడడంలే."

చెరువు ఎండిపోయి ఉంది. కట్ట మీదికి పోయి చూశాను. లోపల, దూరంగా, తుమ్మచెట్ల మధ్య గొర్రెలు కనిపించాయి, కర్ర మీద చేతులు పెట్టుకుని అతను కనిపించాడు. అతనూ నన్ను చూశాడు. కుంటికాలు మనిషిని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. చెయ్యెత్తాను. అతను ఎత్తలేదు. పోనూ లేదు, రానూ లేదు. అలాగే నిలబడ్డాడు.

పిలిస్తే వినపడదు. నడిచి పోవచ్చు, అరగంట పట్టదు. నేను నడవలేదు. ఆఖరి బస్సుకు వేళవుతోందని నాకు నేను చెప్పుకుని వెనక్కి తిరిగాను. బస్సుకు ఇంకా రెండు గంటలుంది. ఆ రెండు గంటలూ రోడ్డు పక్కన కూర్చున్నాను.

ఆఫీసులను నేను వదలను. ఆ మొదటి మాట తప్పని వాళ్లు ఒప్పుకునేదాకా రాస్తూనే ఉంటాను, అది నా పని. కానీ వాళ్ల జవాబు కోసం నేను ఇప్పుడు ఎదురుచూడటం లేదు.

శింగనమలా, ఇది అచ్చయితే నీకు పంపిస్తాను. నువ్వు చదువుతావు. నన్ను క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం నాకు లేదు. తిట్టాలనుకుంటే తిట్టు, మీ అమ్మకు చెప్పాలనుకుంటే చెప్పు, రాప్తాడన్న మాటే నువ్వూ అను. ఊరుకోవడం మాత్రం వద్దు. ఒక్క సంగతి నాకు తెలియాలి. ఆ రోజు పొద్దున బూడిదకుప్ప దగ్గర్నుంచి వచ్చి నువ్వు అడిగినప్పుడు, మింగినానప్పా, నేను చెప్పింది తప్పు, నువ్వూ మింగు అని నేను చెప్పి ఉంటే, మిగిలిన ఆ సాయంత్రం మాత్రలు నువ్వు మింగేవాడివా? నా మాట నమ్మి ఉమ్మినవాడివి, నా మాట నమ్మి మింగేవాడివా?

కార్డు ముక్క మీద ఒక్క మాట రాస్తే చాలు. నాకు జవాబు చెప్పు.